మూతపడిన మైదానములు: ఇంగ్లండులోని చిన్న ఫుట్‌బాల్ సంఘముల చరిత్ర

లోకమునందలి సంస్థలు రెండు విధములు. కొన్ని పెద్ద ఏటివంటివి. ఎగువ నెక్కడనో కురిసిన వర్షముతో నిండి, దరి నున్నవారు తలచినను తలపకున్నను పాఱుచునే యుండును. మఱికొన్ని ఊరి చెరువువంటివి. ఆ యూరిమీద కురిసిన వానయే వానికి ఆధారము. ఒక్క యేడు వాన తప్పినచో అడుగు బయటపడును. పెద్ద సంస్థల చరిత్ర వ్రాయుటకు పండితులు పెక్కుమంది కలరు. చిన్న సంస్థలు ఆపత్కాలమున నెట్లు నిలిచినవో, ఏవి నిలువలేకపోయినవో తెలిసికొనుటయు చరిత్రలోని భాగమే. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి ప్రపంచమును ఆవరించినప్పుడు ఇంగ్లండు దేశమునందలి చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులు పడిన పాట్లు ఇందుకు మంచి దృష్టాంతము.

ముందుగా ఆ వ్యవస్థను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఇంగ్లండున ఫుట్‌బాల్ లీగు 1888వ సంవత్సరమున 12 క్లబ్బులతో ప్రారంభమయ్యెను. విలియం మెక్‌గ్రెగర్ అను బట్టల వర్తకుడు దానికి మూలపురుషుడు. కాలక్రమమున నది పెక్కు మెట్లు గల నిచ్చెనవలె పెరిగినది. పై మెట్టు ప్రీమియర్ లీగు. అందు 20 క్లబ్బులు. దాని క్రింద మూడు తరగతులు. తరగతికి 24 చొప్పున 72 క్లబ్బులు. అయిదవ మెట్టున నేషనల్ లీగు, ఆఱవ మెట్టున దాని ఉత్తర దక్షిణ శాఖలు, ఇంకను దిగువ ఆయా ప్రాంతముల లీగులలో వందలకొలది చిన్న క్లబ్బులు కలవు. ఏటేట ప్రతి తరగతిలో ముందు నిలిచిన క్లబ్బులు పైకెక్కును. వెనుకబడినవి క్రిందికి దిగును. ఈ నియమము వలన మాఱుమూల క్లబ్బునకు గూడ అగ్రస్థానమునకు బోవు త్రోవ ఎప్పుడును తెరచియే యుండును. ఆ యాశయే ఆ యాటకు ప్రాణము.

అయితే ఆ నిచ్చెనయందు పైవారి యాదాయమునకును క్రిందివారి యాదాయమునకును పోలిక లేదు. పై మెట్టువారికి టెలివిజన్ హక్కుల వలన కోట్లకొలది పౌండ్లు వచ్చును. మైదానము ఖాళీగా నున్నను వారి రాబడిలో పెద్దభాగము చెడదు. క్రిందివారి జమాఖర్చు వేఱు. శనివారమునాడు ద్వారమువద్ద టిక్కెట్టు కొను మనుష్యుడు, విరామసమయమున అతడు త్రాగు తేనీరు, మైదానపు గోడమీద తన అంగడి పేరు వ్రాయించుకొను ఊరి వర్తకుడు, ఇవే వారి జమపద్దులు. దిగువ మెట్లలోని ఆటగాండ్రలో పెక్కురు వారమంతయు వేఱొక యుద్యోగము చేసి, సాయంకాలములందు సాధనచేయువారు. ద్వారమున చీట్లిచ్చువారు, గడ్డి కోయువారు, లెక్కలు వ్రాయువారు చాలవఱకు జీతము లేని సేవకులే.

ఇట్టి స్థితిలో 2020 మార్చి 13వ తేదీన ప్రీమియర్ లీగును, దాని క్రింది మూడు తరగతులును ఆటలను నిలిపివేసెను. నేషనల్ లీగు మరునాడు కొన్ని ఆటలు జరిపి, మార్చి 16వ తేదీన తానును ఆగిపోయెను. నాటికి ఆటల సంవత్సరము ఇంచుమించు ముప్పాతిక వంతు గడచియుండెను. చిట్టా తెరచియే యున్నది. పద్దులు సగములో నున్నవి. వ్రాయువాని చేతిలోని కలము ఆగినది. అట్టి లెక్కను ముగించుట యెట్లు? ఇది మొదటి ప్రశ్న. ద్వారము మూసినపిదప క్లబ్బు బ్రదుకుట యెట్లు? ఇది రెండవది. మరల తెరచుట యెట్లు? ఇది మూడవది.

సగములో ఆగిన లెక్కకు పూర్వోదాహరణ మొకటి లేకపోలేదు. 1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధ మారంభమైనప్పుడు ఫుట్‌బాల్ లీగు మూడేసి ఆటలు ముగిసినంతనే ఆగిపోయెను. మూడింటను గెలిచి పై తరగతిలో ముందున్న బ్లాక్‌పూల్ జట్టు లెక్కయు మిగిలినవారి లెక్కతోపాటు కొట్టివేయబడెను. అయితే మూడు ఆటల లెక్కను కొట్టివేయుట వేఱు, ముప్పది యాటల లెక్కను కొట్టివేయుట వేఱు.

2020 మార్చి 26వ తేదీన ఫుట్‌బాల్ అసోసియేషన్ వారు ఏడవ మెట్టును, దాని దిగువ లీగులును ఆ యేటికి ముగిసినవనియు, అందలి ఫలితములన్నియు రద్దనియు ప్రకటించిరి. ఎక్కుటయు లేదు, దిగుటయు లేదు. ఆ నిర్ణయము ఎక్కువగా బాధించిన వానిలో ఈశాన్యపు తీరమందలి సౌత్ షీల్డ్స్ క్లబ్బొకటి. ఏడవ మెట్టున వారు 12 పాయింట్ల ఆధిక్యముతో అగ్రస్థానమున నుండిరి. ఇంగ్లండునకు ఫ్రాన్సునకు నడుమ సముద్రములో నున్న జెర్సీ ద్వీపపు జట్టు జెర్సీ బుల్స్ కథ మఱింత విచిత్రము. పదవ మెట్టున తొలి యేడాది యాడుచు, వారు ఆడిన 27 లీగు ఆటలను 27ను గెలిచిరి. ఓటమి యెఱుగని ఆ లెక్క ఒక్క కలపుపోటుతో సున్న అయ్యెను. సౌత్ షీల్డ్స్ వారు మధ్యవర్తుల మండలి నాశ్రయించిరి గాని ఫలము లేకపోయెను.

కొట్టివేతకు కారణము లేకపోలేదు. వందలకొలది చిన్న క్లబ్బులు నెలలతరబడి ఆటగాండ్రకు జీతములిచ్చుచు, ఎన్నడు తెరచునో తెలియని ద్వారముకడ కాచియుండలేవు. ఏదో యొక తీర్పు త్వరగా రావలసియుండెను. అయినను త్వరితమైన తీర్పు న్యాయమైన తీర్పగునను నియమము లేదు.

పై తరగతులవారు రెండవ పద్ధతి నవలంబించిరి. 2020 జూన్ 9వ తేదీన మూడవ, నాలుగవ మెట్ల క్లబ్బులు సమావేశమై ఆటల సంవత్సరమును ముగింప నిశ్చయించెను. ప్రేక్షకులు లేకుండ ఆడినచో టిక్కెట్ల రాబడి లేదు. ఆటగాండ్రకు వారము వారము వ్యాధిపరీక్షలు చేయించు ఖర్చు మాత్రము తప్పదు. కావున మిగిలిన ఆటలు ఆడక, సంపాదించిన పాయింట్లను ఆడిన ఆటల సంఖ్యచే భాగించి, ఆ సగటునుబట్టి స్థానములు నిర్ణయించిరి. గెలిచిన ఆటకు మూడు పాయింట్లు, సమానముగా ముగిసిన ఆటకు ఒకటి యని చదువరులు గుర్తుంచుకొనవలెను.

గణితము నిష్పక్షపాతమైనదే. కాని దాని ఫలితము చూడుడు. మూడవ మెట్టున విక్కమ్ వాండరర్స్ జట్టు 34 ఆటలలో 59 పాయింట్లు పొంది ఎనిమిదవ స్థానమున నుండెను. పీటర్‌బరో యునైటెడ్ జట్టు 35 ఆటలలో అవే 59 పాయింట్లతో ఆఱవ స్థానమున నుండెను. సగటు చూడగా మొదటివారికి 1.74, రెండవవారికి 1.69. విక్కమ్ ఎనిమిదినుండి మూడునకు ఎగిరెను. పీటర్‌బరో చివరిపోటీల కర్హత కోల్పోయెను. విక్కమ్ వారు ఆ పోటీలలో నెగ్గి, జూలై 13న వెంబ్లీ మైదానమున ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌ను 2–1 తేడాతో ఓడించి, తమ చరిత్రలో మొదటిసారి రెండవ మెట్టున కెక్కిరి. తొంబదివేల ఆసనములు గల ఆ మైదానమున నాడు చప్పట్లు కొట్టుటకు ప్రేక్షకుడొక్కడు లేడు.

అదే గణితము ట్రాన్మియర్ రోవర్స్ వారిని క్రిందికి త్రోసెను. వారు 34 ఆటలలో 32 పాయింట్లు, వారికి సరిగా పైనున్న ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ వారు 35 ఆటలలో 35 పాయింట్లు పొందియుండిరి. సగటులు 0.94, 1.00. మిగిలియున్న ఆ యొక్క ఆట ట్రాన్మియర్ వారు గెలిచియుండినచో ఇరువురి లెక్కయు సమానమై యుండును. ఆటలు నిలిచిననాటికి వారు వరుసగా మూడు ఆటలు గెలిచియుండిరి కూడ. సగటు గడచిన దినములను లెక్కించును గాని రాబోవు దినమును లెక్కింపజాలదు. కొట్టివేతలో అందఱి శ్రమయు పోయినది. సగటులో కొందఱి యాశ పోయినది. రెండింటిలో నేది మేలో నేటికిని తేలలేదు.

అయిదవ మెట్టున సగటు వలన మేలుపొందిన క్లబ్బు బారో. వాయవ్యపు మూల నౌకలు నిర్మించు పట్టణమది. 1972లో లీగునుండి వెలివేయబడిన ఆ క్లబ్బు 48 ఏండ్ల పిమ్మట మరల లోనికి రాగలిగెను. తండ్రులు చూచిన వైభవము కొడుకులు చూతురో లేదో యని తరమొకటి యెదురుచూచిన దినము వచ్చినప్పుడు, ఊరివారు గుమికూడుటకే వీలులేకపోయెను. ఆగస్టు 2న చివరిపోటీలో నెగ్గి హారోగేట్ టౌన్ క్లబ్బు మొదటిసారి లీగులో నడుగిడినదియు ఖాళీ వెంబ్లీలోనే.

ఇక బ్రదుకుతెరువు మాట. ప్రభుత్వము పనిలేని యుద్యోగుల వేతనములో నూటికి 80 వంతులు, నెలకు 2,500 పౌండ్లకు మించకుండ చెల్లించు పథకము నేర్పాటుచేసెను. క్లబ్బులు ఆటగాండ్రను, సిబ్బందిని ఆ పథకమున చేర్చెను. ఏడాది టిక్కెట్టు ముందుగ కొన్న అభిమానులలో పలువురు తమ సొమ్మును తిరిగి యడుగక క్లబ్బునకే విడిచిరి. ప్రీమియర్ లీగు వారు 2020 డిసెంబరులో మూడవ, నాలుగవ మెట్ల క్లబ్బులకు 5 కోట్ల పౌండ్ల సహాయము నంగీకరించిరి. ఏఱు చెరువునకు కొంత నీరు వదలినది గాని, అది యెండాకాలము ముగియవచ్చిన తరువాత.

ఆపత్కాలము పాత ఋణములను దాచనీయదు. 1874లో పుట్టిన మాక్లెస్‌ఫీల్డ్ టౌన్ క్లబ్బు ఇందుకు సాక్షి. మహమ్మారి రాకమునుపే అందు ఆటగాండ్రకు జీతములు సక్రమముగ నందకుండెను. ఆ కారణమున పాయింట్లు తగ్గింపబడి, 2020 ఆగస్టులో నాలుగవ మెట్టునుండి జారిపోయెను. వారికన్న మైదానమున తక్కువ ఫలితములు పొందిన స్టీవనేజ్ క్లబ్బు అందువలన బ్రదికిపోయెను. సెప్టెంబరు 16న ఉన్నతన్యాయస్థానము, అయిదు లక్షల పౌండ్లకు మించిన బాకీలున్న కారణమున మాక్లెస్‌ఫీల్డ్ సంఘమును మూసివేయ నాజ్ఞయిచ్చెను. 146 ఏండ్ల సంస్థ ఒక్క యుత్తరువుతో కాలగర్భమున గలిసెను. అప్పు చేసినది రోగము కాదు. రోగము అప్పును బయటపెట్టినది. అయితే ఊరు ఊరకుండలేదు. క్రొత్త యాజమాన్యమున మాక్లెస్‌ఫీల్డ్ అను పేరనే వేఱొక క్లబ్బు వెలసి, 2021–22లో తొమ్మిదవ మెట్టున ఆట ప్రారంభించి, ఆ యేడే ప్రథమస్థానము పొందెను.

పునఃప్రారంభము అంతకంటె చిక్కైనది. 2020 ఆగస్టు చివర ఏడవ మెట్టునను, దాని దిగువను పరిమితసంఖ్యలో ప్రేక్షకుల ననుమతించిరి. అయిదు, ఆఱు మెట్లవారు మాత్రము ఉన్నతశ్రేణిగా పరిగణింపబడుటచే వారి ద్వారములు మూతపడియే యుండెను. గొప్పవారను పేరు వచ్చుటయే వారికి నష్టకారణ మయ్యెను. అక్టోబరు 3న వారు ఖాళీ మైదానములలో ఆట లారంభించిరి. అరణ్యవాసము ముగిసినను పాండవులకు అజ్ఞాతవాసము మిగిలియున్నట్లు, ఆటగాండ్రు ఆడుచునే యుండిరి గాని చూచువారు లేరు.

ఆ మూడు నెలలకు జాతీయ లాటరీ సొమ్మునుండి కోటి పౌండ్లు లభించెను. పంపకములో పేచీ పుట్టెను. అయిదవ మెట్టున ఏడు క్లబ్బులకు నెలకు 95,000 పౌండ్లు, మిగిలినవానికి 84,000 పౌండ్లు ముట్టెను. వేలమంది ప్రేక్షకుల రాబడి పోయిన క్లబ్బునకును, వందలమంది రాబడి పోయిన క్లబ్బునకును దాదాపు సమానమైన పాలు వచ్చినదని కొందఱు మొఱపెట్టిరి. సమానముగ పంచుటయే సమధర్మమా, నష్టమునుబట్టి పంచుట సమధర్మమా అను ప్రశ్న అన్నదమ్ముల పంపకములలోను, గ్రామ పంపకములలోను పుట్టునదే.

2021 జనవరి నుండి సహాయము దానముగ గాక అప్పుగ నిత్తుమనిరి. రాబడి లేని కాలమున అప్పుచేసి ఆడుట వివేకమా? క్లబ్బులు చీలెను. ఫిబ్రవరిలో ఆఱవ మెట్టువారు ఓటువేసి ఆటలు రద్దుచేసికొనిరి. అయిదవ మెట్టువారు కొనసాగిరి. డోవర్ అథ్లెటిక్ క్లబ్బువారు మాత్రము అప్పుచేసి ఆడజాలమని మైదానమునకు పోక నిలిచిరి. వారి ఫలితములు కొట్టివేయబడెను. 40,000 పౌండ్ల జుల్మానా పడెను. మరుసటియేటి లెక్కలో 12 పాయింట్లు ముందే తీసివేయబడెను. 2022లో వారు క్రిందికి జారిరి. శక్తికి మించి ఋణము చేయనివాని కిట్టి శిక్ష తగునా యని కొందఱు, మాటయిచ్చి పోటీలో చేరినవాడు మధ్యలో విడువరాదని మఱికొందఱు వాదించిరి. ఇరుపక్షములయందును ధర్మము కొంత కలదు.

ఈ కలతలనడుమ ఒక చల్లని ఘట్టము జరిగెను. లివర్‌పూల్ నగరమునకు సమీపమున క్రాస్బీ యను నూర మెరీన్ అను క్లబ్బు కలదు. అది పుట్టినది 1894లో. నాడు ఎనిమిదవ మెట్టున నుండెను. ఎఫ్.ఏ. కప్పు పోటీలో తమకంటె నెంతో పై మెట్ల జట్లను వరుసగా గెలిచి, 2021 జనవరి 10న ప్రీమియర్ లీగులోని టోటెన్‌హామ్ హాట్‌స్పర్ జట్టును తమ చిన్న మైదానమునకు రప్పించిరి. సామాన్యకాలమున ఆ యొక్కదినపు టిక్కెట్ల రాబడి క్లబ్బునకు ఏండ్లతరబడి సరిపోయెడిది. కాని ప్రేక్షకులకు ప్రవేశము నిషేధము. అంతట క్లబ్బువారు పది పౌండ్ల వెలకు ఊహాటిక్కెట్టు నొకదానిని అమ్మకమునకు పెట్టిరి. దానిని కొన్నవానికి ఆసనము లేదు, ప్రవేశము లేదు; క్లబ్బునకు తోడ్పడితినను తృప్తి కలదు. అట్టి టిక్కెట్లు 30,000కు పైగా చెల్లెను. కొన్నవారిలో ఎదుటి జట్టు అభిమానులును పెక్కుమంది కలరు. సేతువునకు ఉడుత మోసిన యిసుక యెంతయని యడుగువారు, అట్టి ఉడుతలు ముప్పదివేలు కూడినచో నేమగునో ఇచ్చట గాంచవచ్చును. మైదానపు గోడ నానుకొనియున్న ఇండ్లవారు తమ పెరళ్లలో నిలిచి ఆట చూచిరి. మెరీన్ వారు 5–0 తేడాతో ఓడిరి. జమాఖర్చు పుస్తకమున మాత్రము వారిది విజయమే.

మరుసటి నెలలో ఏడవ మెట్టు దిగువ ఆటలు మరల సగములో ముగింపబడెను. అయితే ఈసారి ఫుట్‌బాల్ అసోసియేషన్ వారు కొంత దిద్దుబాటు చేసిరి. 2021లో దిగువ లీగులను పునర్వ్యవస్థీకరించునప్పుడు, ఆగిపోయిన రెండేండ్ల లెక్కలను కలిపి సగటు కట్టి కొన్ని క్లబ్బులను పై మెట్టున కెక్కించిరి. కొట్టివేయబడిన పద్దు మరల చదువబడెను. జెర్సీ బుల్స్ ఆ విధముగ పైకెక్కిరి. సౌత్ షీల్డ్స్ వారికి ఆ దిద్దుబాటు వర్తింపలేదు. వారు మరల మొదటినుండి ఆడి, 2023లో తమ లీగున ప్రథమస్థానము పొంది, మూడేండ్లనాడు చేజారిన మెట్టును తమ కాలితోనే యెక్కిరి. మెరీన్ వారును 2024లో ఆఱవ మెట్టు చేరిరి.

2021 వేసవి గడచి ద్వారములు పూర్తిగ తెరచుకొన్నపిదప, క్లబ్బుల నిర్వహణను ప్రశ్నించు గొంతులు బలపడెను. అభిమానుల అభిప్రాయముల ననుసరించి ట్రేసీ క్రౌచ్ అను పార్లమెంటు సభ్యురాలి నాయకత్వమున జరిగిన విచారణ 2021 నవంబరులో ప్రకటింపబడెను. దాని ఫలితముగ 2025 జూలైలో ఫుట్‌బాల్ పరిపాలన చట్టము వెలువడి, స్వతంత్ర నియంత్రణాధికారి యేర్పడెను. క్లబ్బుల లెక్కలు పరీక్షించుటయు, చిహ్నము, రంగులు మొదలగు వారసత్వమును అభిమానుల సమ్మతి లేకుండ మార్చనీయకుండుటయు దాని విధులలోనివి.

ఈ చరిత్రనుండి తేలు సారము స్వల్పము. చిన్న సంస్థల లెక్కపుస్తకమున ఒక పద్దు ఎప్పుడును వ్రాయబడదు. అది ద్వారము మూసియున్నను తన చందా తాను చెల్లించు మనుష్యుని పద్దు. కొట్టివేత దానిని కొట్టివేయజాలదు. సగటు దానిని తూచజాలదు. ఆ పద్దు గల సంస్థ మూతపడినను మరల తెరచును, మాక్లెస్‌ఫీల్డ్‌వలె మరణించినను మరల పుట్టును.

2020 మార్చి 25న భారతదేశమున సంపూర్ణ నిర్బంధ మారంభమైన నాడు, మైదానములవలెనే పల్లెల పఠనమందిరములకును తాళములు పడెను. అల్మారాలలో పుస్తకము లుండెను. బల్లమీద పత్రికలు మాత్రము లేవు. ఆ తాళములు తీసిన దినమున మొదట వచ్చి గడపనెక్కిన చదువరి యెవడో ఏ రిజిస్టరులోను ప్రత్యేకముగ వ్రాయబడియుండదు. రజతోత్సవము జరుపుకొను సంస్థలు తమ దాతల పేర్లను శిలాఫలకములపై చెక్కించుకొనుట యుక్తమే. దానితోపాటు, మూసిన తలుపుకడకు వచ్చి, ఎప్పుడు తెరతురని యడిగి, మరల వత్తునని చెప్పి తిరిగిపోయిన ఆ యనామకుని గూడ స్మరించుకొనుట ధర్మము.